ఆడాసిటీ తెరవగానే పుట్టే ఆ ఫైళ్లు చెత్త కాదు

ప్రశ్న: నేను ఖమ్మంలో ఉంటాను. గ్రూప్-2కి చదువుకుంటున్న ఇద్దరు చూపులేని విద్యార్థులకు పాఠాలు చదివి, రికార్డు చేసి ఫోన్‌కి పంపుతుంటాను. అందుకు లాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడతాను. ఈమధ్య ఆడాసిటీ తెరిస్తే చాలు, ఇంకా రికార్డు బటన్ నొక్కకముందే, డాక్యుమెంట్స్‌లో ఉన్న నా ‘పాఠాలు’ ఫోల్డర్ లోపల ‘న్యూ ప్రాజెక్ట్’ అని తేదీ, టైముతో ఒక ఫైలు తయారవుతోంది. దాని పక్కనే అదే పేరుతో, చివర తోకలతో ఇంకో రెండు. డిలీట్ చేయబోతే వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ఉంది, కుదరదు అంటుంది. ఆడాసిటీ మూసేస్తే చాలాసార్లు అవే పోతాయి, కొన్నిసార్లు పోవు. అలా మిగిలిపోయినవి ఇప్పుడు పదకొండు, అన్నీ కలిపి 9 జీబీ. ఇంకో రెండు ముందే డిలీట్ చేశాను. వన్‌డ్రైవ్ రోజూ నిండిపోయిందని గోల. మొన్న వేసవిలో కరెంటు పోయి ఒక రికార్డింగ్ పోతే మా తమ్ముడు వచ్చి ఏదో సెట్టింగు మార్చాడు, అప్పటి నుంచే ఇది మొదలైంది. లాప్‌టాప్ బ్యాటరీ పనిచేయదు, ప్లగ్‌లో పెట్టే వాడతాను. పోయిన వారం కాకతీయుల పాఠం గంటసేపు చదివాక కరెంటు పోయి అదీ పోయింది, మళ్లీ చదవాలి. ఆడాసిటీ తెరవగానే ఇంగ్లిషులో ఏదో పెట్టె కూడా వస్తుంది, స్కిప్ నొక్కేస్తాను. తెరవగానే ఈ ఫైళ్లు పుట్టకుండా ఆపడం ఎలా? ఇది వైరస్సా?

సమాధానం: వైరస్ కాదు, ఆ టెన్షన్ వదిలేయండి. కానీ దయచేసి ఇది చదవడం పూర్తయ్యేదాకా ఆ పదకొండింటిలో ఒక్కదాన్ని కూడా ముట్టుకోకండి. కాకతీయుల పాఠం పోయిందనుకుంటున్నారు కదా, అది దాదాపుగా ఆ పదకొండింటిలోనే ఉంటుంది.

ముందు ఆ ఫైలు ఏమిటో చెప్తాను, అప్పుడు దాన్ని ఏం చేయాలో మీకే తడుతుంది.

ఆడాసిటీ తెరవగానే మీకు ఖాళీ కిటికీ కనిపిస్తుంది. మన దృష్టిలో అక్కడ ఇంకా ఏమీ లేదు. దాని దృష్టిలో మాత్రం అప్పటికే ఒక ప్రాజెక్టు మొదలైంది, పేరే ఇంకా పెట్టలేదు. పురిటిబిడ్డకి బారసాల అయ్యేదాకా పేరుండదు, అలా అని బిడ్డ లేదనలేం కదా. మీరు రికార్డు నొక్కిన మరుక్షణం నుంచి వచ్చే గొంతును ఎక్కడో ఒకచోట రాసుకోవాలి. గంటసేపు వచ్చే ధ్వనిని మెమరీలో పెట్టుకుని కూర్చోవడం కుదరదు, కరెంటు పోతే మొత్తం పోతుంది. అందుకని ముందే డిస్కు మీద ఒక ఫైలు తెరిచి పెట్టుకుంటుంది. తేదీ, టైముతో ‘న్యూ ప్రాజెక్ట్’ అని మీకు కనిపిస్తున్నది అదే. దాని పేరు చివర, చుక్క తర్వాత ‘ఏయూపీ3అన్‌సేవ్డ్’ అని ఉంటుంది, చూడండి. ఇంకా సేవ్ చేయని ప్రాజెక్టు అని అది తన నోటితోనే చెబుతోంది.

పక్కనున్న రెండు తోకల సంగతి. 2021 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి ఆడాసిటీ తన ప్రాజెక్టును ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌గా దాస్తోంది. మన ఫోన్లలో మెసేజీలు, కాంటాక్టులు దాచేదీ ఇలాంటి డేటాబేసే. దీని పద్ధతి పాతకాలపు కిరాణా కొట్టు లెక్కల్లాంటిది. షావుకారు బేరం జరుగుతున్నప్పుడు గబగబా చిట్టాలో గీకేస్తాడు, తీరిక దొరికినప్పుడు ఆవర్జాలోకి, అంటే అసలు లెక్కల పుస్తకంలోకి ఎక్కిస్తాడు. ‘వాల్’ అనే తోక ఉన్న ఫైలు చిట్టా. పెద్ద ఫైలు ఆవర్జా. ‘ఎస్‌హెచ్ఎం’ అనే తోక ఉన్నది చిట్టాలో ఏ పద్దు ఎక్కడుందో చూపించే సూచిక. కొట్టు కట్టేసేటప్పుడు, అంటే ఆడాసిటీని మామూలుగా మూసినప్పుడు, చిట్టా మొత్తం ఆవర్జాలోకి ఎక్కి ఆ రెండూ మాయమవుతాయి. కరెంటు పోతే మాత్రం షావుకారు చిట్టాను గల్లాపెట్టె మీదే వదిలేసి పరుగెత్తినట్టు, మూడూ అక్కడే ఉండిపోతాయి. అప్పుడు చిట్టాను పారేస్తే చివరి నిమిషాల్లో రాసిన పద్దులు పోతాయి. అందుకే ఆ మూడింటినీ ఎప్పుడూ ఒక జట్టుగానే చూడాలి. చిన్న ఫైలే కదా అని తోకను తీసేయకూడదు.

డిలీట్ కుదరదని విండోస్ అడ్డుపడడం కూడా ఇందుకే. ఆడాసిటీ ఆ ఫైలును పట్టుకుని ఉంది. విండోస్ మీ మీద కక్షతో చేయడం లేదు, మీ గొంతును కాపాడుతోంది.

ఇక మీరు అడిగినదానికి నేరుగా జవాబు: తెరవగానే ఆ ఫైలు పుట్టకుండా ఆపే సెట్టింగు ఆడాసిటీలో లేదు. ఉండదు కూడా, ఎందుకంటే ఆ ఫైలు లేకపోతే రాయడానికి పలక లేనట్టే. కొందరు తెలివిగా ఆ ఫోల్డర్‌కి రాసే అనుమతి తీసేసి చూస్తారు. నేనూ ఒకసారి చేశాను, ఏమవుతుందో చూద్దామని. తాత్కాలిక ఫైళ్లు పెట్టుకోవడానికి భద్రమైన చోటు దొరకలేదు, ప్రిఫరెన్సెస్‌లో వేరే చోటు చూపించండి అని చెప్పి, అది మూసుకుపోయింది. ఆ సందేశంలోనే ఇంకో మాట ఉంది, నాకు బాగా నచ్చింది: ఆటోమేటిక్‌గా శుభ్రం చేసే ప్రోగ్రాములు వచ్చి తుడిచేయని చోటు కావాలట. ఎన్నిసార్లు దెబ్బతిని రాసుకున్న వాక్యమో అది.

ఆ దెబ్బ నాకూ తెలుసు. ఆడాసిటీ పాత 2.x వెర్షన్ల రోజుల్లో ఇప్పటిలా ఒకే ఫైలు ఉండేది కాదు. ధ్వనిని ముక్కలు ముక్కలుగా కోసి, ఒక్కొక్కటి 1 ఎంబీకి మించకుండా, వందల ఫైళ్లుగా దాచేది. మామూలు సెట్టింగుల్లో ఒక్కో ముక్కలో ఆరు సెకన్ల లోపు గొంతు పట్టేది. గంట పాఠం అంటే ఆరువందల పైచిలుకు ఫైళ్లు. మా ఊరి బుర్రకథ కళాకారుడు ఒకాయనతో నేను గంటన్నర మాట్లాడి రికార్డు చేసుకున్నాను. డిస్కు నిండుతోందని ఒక క్లీనింగ్ సాఫ్ట్‌వేర్ వేసి, అది చూపించిన జాబితాకి కళ్లు మూసుకుని ఓకే కొట్టాను. సాయంత్రం తెరిచి వింటే ఆయన కథ మధ్యలో ఎక్కడపడితే అక్కడ ఆరేసి సెకన్ల మౌనం. పోయిన ముక్కల చోట ఆడాసిటీ నిశ్శబ్దం నింపింది. పన్ను ఊడిన నోరులా తయారైంది ఆ రికార్డింగ్. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నాది. మీరు ఆ పదకొండు ఫైళ్ల గురించి రాసింది చదువుతుంటే నాకు అదే గుర్తొచ్చింది.

కాబట్టి పుట్టకుండా ఆపడం కాదు, ఎక్కడ పుట్టాలో మనం చెప్పాలి. ఇక్కడే మీ తమ్ముడి చేయి ఉంది. అతన్ని ఏమీ అనకండి, మంచి ఉద్దేశంతోనే చేశాడు. విండోస్‌లో ఆడాసిటీ ఈ ఫైళ్లను మామూలుగా మీ యూజర్ ఫోల్డర్ లోపల యాప్‌డేటా, దాని లోపల లోకల్, దాని లోపల ఆడాసిటీ, దాని లోపల సెషన్‌డేటా అనే ఫోల్డర్‌లో పెడుతుంది. యాప్‌డేటా మామూలు కంటికి కనపడదు, విండోస్ దాన్ని దాచి ఉంచుతుంది. వేసవిలో రికార్డింగ్ పోయినప్పుడు అతను అంత లోతుకి వెళ్లి వెతకలేక, ఈసారి పోతే కనీసం కళ్ల ముందే ఉంటుంది కదా అని, తాత్కాలిక ఫైళ్ల చోటును మీ ‘పాఠాలు’ ఫోల్డర్‌కి మార్చేసి ఉంటాడు. అదివరకూ ఈ ఫైళ్లు పుట్టేవి, మీకు కనపడేవి కావు. అంతే తేడా.

అయితే మార్చిన చోటు మంచిది కాదు. మీ డాక్యుమెంట్స్ మొత్తం వన్‌డ్రైవ్‌తో కలిసి ఉంది, అంటే అందులోని ప్రతి ఫైలు నకలూ ఇంటర్నెట్‌లోని మీ ఖాతాకి వెళ్తుంది. దీన్నే సింక్ అంటారు. మీరు చదువుతున్నంతసేపూ మారిపోతున్న ఫైలును వన్‌డ్రైవ్ మళ్లీ మళ్లీ పైకి పంపాలని చూస్తుంది. ఉచిత ఖాతాలో ఇచ్చేది 5 జీబీ, మీ ఫైళ్లు 9 జీబీ. గోల పెట్టక ఏం చేస్తుంది? దానికన్నా ముఖ్యం, ఒకవైపు ఆడాసిటీ రాస్తుండగా ఇంకోవైపు వన్‌డ్రైవ్ అదే ఫైలును పట్టుకుంటే రెండింటికీ పేచీ వచ్చి ప్రాజెక్టు పాడయ్యే ప్రమాదం ఉంది. డేటాబేస్ ఫైలును తెరిచి ఉండగా సింక్ చేయడం ఎప్పుడూ మంచి పని కాదు. వన్‌డ్రైవ్ అనే కాదు, గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ ఏదైనా ఇంతే.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. వరస ముఖ్యం, ముందుది వెనక చేయకండి.

మొదట గడియారం పక్కనున్న వన్‌డ్రైవ్ మబ్బు గుర్తు మీద నొక్కి, సింక్ ఆపమని చెప్పండి. రెండు గంటలు, ఎనిమిది గంటలు, ఇరవైనాలుగు గంటలు అని అడుగుతుంది. ఇరవైనాలుగు ఎంచుకోండి, తొందరపడక్కర్లేదు.

తర్వాత ఆడాసిటీ తెరవండి. మీరు రోజూ స్కిప్ నొక్కేస్తున్న ఆ పెట్టె వస్తుంది. ఈసారి దాన్ని తీరిగ్గా చూడండి. పోయినసారి ఆడాసిటీ నడిచినప్పుడు సరిగ్గా సేవ్ కాని ప్రాజెక్టులు ఇవి, వీటిని తిరిగి తెచ్చుకోవచ్చు అని దాని అర్థం. కింద జాబితాలో తేదీ, టైములతో మీ ఫైళ్ల పేర్లుంటాయి. స్కిప్ అంటే ‘ఇప్పుడు వద్దు, తర్వాత చూస్తాను’ అని మాత్రమే. మీరు రోజూ తర్వాత చూస్తాను అంటున్నారు, అదీ రోజూ గుర్తుచేస్తోంది. అదృష్టం ఏమిటంటే పక్కనే ఉన్న ‘డిస్కార్డ్ సెలెక్టెడ్’ మీరు నొక్కలేదు. అది నొక్కి అవునంటే టిక్కు ఉన్నవన్నీ అక్కడికక్కడే పోయేవి.

జాబితాలో అన్నిటికీ టిక్కు పెట్టి ఉంటుంది. అన్నీ తీసేసి ఒక్కదానికే ఉంచండి. పోయిన వారం కరెంటు పోయిన రోజు మీకు గుర్తుంటుంది కదా, ఆ తేదీ ఉన్నదాన్ని ఎంచుకుని ‘రికవర్ సెలెక్టెడ్’ నొక్కండి. పదకొండూ ఒకేసారి తెరిస్తే పదకొండు కిటికీలు తెరుచుకుని మీ లాప్‌టాప్ దణ్ణం పెట్టేస్తుంది. అది తెరుచుకున్నాక ముందు, మధ్య, చివర కొంచెం కొంచెం వినండి. కరెంటు పోయిన క్షణానికి కొద్ది సెకన్ల ముందుదాకా మీ గొంతు ఉండాలి. ఉంటే వెంటనే ఫైల్ మెనూలో సేవ్ ప్రాజెక్ట్‌కి వెళ్లి, వన్‌డ్రైవ్‌తో సంబంధం లేని చోట పేరు పెట్టి సేవ్ చేయండి. కొత్త వెర్షన్లలో కంప్యూటర్‌లోనా, క్లౌడ్‌లోనా అని అడుగుతుంది. కంప్యూటర్ అనే చెప్పండి. సేవ్ చేసేదాకా అది ఇంకా పేరు లేని బిడ్డే, కాబట్టి విన్నాక సేవ్ చేయకుండా మూసేయకండి.

ఆడాసిటీ మూసి మళ్లీ తెరిస్తే ఆ పెట్టె మళ్లీ వస్తుంది, ఇలాగే మిగతావి ఒక్కొక్కటి. కొన్ని ఖాళీవి ఉంటాయి. తెరిచి, ఏమీ చదవకుండా ఉన్నప్పుడు కరెంటు పోయిన రోజులవి. సైజు చూస్తేనే తెలుస్తుంది, అవి కేబీల్లో ఉంటాయి. కొన్నిట్లో మీరు తర్వాత మళ్లీ చదివిన పాఠాల సగాలు ఉంటాయి. ఏది కావాలో మీకే తెలుసు. కావాల్సినవన్నీ సేవ్ చేసి, విని, నమ్మకం కుదిరాకే మిగిలిన వాటికి టిక్కు పెట్టి డిస్కార్డ్ నొక్కండి. ఆ పెట్టె ద్వారా తీసేస్తే మూడు ఫైళ్లూ కలిసి పోతాయి. చేత్తో డిలీట్ చేసే పని లేదు.

ఏదైనా ఆ జాబితాలో కనిపించకుండా ఫోల్డర్‌లో మాత్రం ఉంటే? అప్పుడు ఆఖరి దారి ఒకటుంది. ఆడాసిటీ మూసేసి, ఆ ఫైలునూ దాని తోకలనూ కలిపి వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేయండి, అసలువి అక్కడే ఉంచండి. కాపీలో పేరు చివరి ‘అన్‌సేవ్డ్’ అనే మాటను మాత్రం తీసేయండి, తోకలున్న వాటి పేర్లలోనూ అదే విధంగా. ఇప్పుడు అది మామూలు ఆడాసిటీ ప్రాజెక్టులా తెరుచుకుంటుంది. తోకల పేరు మార్చడం మరిచిపోతే చిట్టా ఒకచోట, ఆవర్జా ఒకచోట అవుతుంది.

డిలీట్ చేశానన్న ఆ రెండింటి కోసం రీసైకిల్ బిన్ చూడండి. అక్కడ లేకపోతే వన్‌డ్రైవ్ వెబ్‌సైట్‌లో దానిదే ఒక రీసైకిల్ బిన్ ఉంటుంది, సొంత ఖాతాల్లో 30 రోజుల వరకు ఉంచుతుంది. వేసవిలో పోయిందన్న మొదటి రికార్డింగ్ కోసం పాత సెషన్‌డేటా ఫోల్డర్‌లో చూడండి. అక్కడికి వెళ్లడం సులువే. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లిషు అక్షరాల్లో లోకల్‌యాప్‌డేటా అని మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి, దానికి ముందొకటి, వెనకొకటి పర్సెంట్ గుర్తు పెట్టి ఎంటర్ కొట్టండి. లోపల ఆడాసిటీ, అందులో సెషన్‌డేటా. మీ తమ్ముడు చోటు మార్చాడే తప్ప అక్కడున్నవి తీసేసి ఉండడు. వేసవి నాటి తేదీతో ఏదైనా కనిపిస్తే, పైన చెప్పిన ఆఖరి దారే దానికీ.

ఇదంతా అయ్యాకే చోటు మార్చే పని. ఎందుకు తర్వాత అంటున్నానంటే, ఆ రికవరీ పెట్టె ముఖ్యంగా ఇప్పటి తాత్కాలిక ఫోల్డర్‌లోకే తొంగిచూస్తుంది. ముందే చోటు మార్చేస్తే పాతచోట మిగిలినవి జాబితాలోకి రాకపోవచ్చు, మళ్లీ మీరు చేత్తో వెతుక్కోవాలి.

ఆడాసిటీలో ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్ తెరవండి. కంట్రోల్, పీ కలిపి నొక్కినా వస్తుంది. ఎడమవైపు జాబితాలో డైరెక్టరీస్ అని ఉంటుంది. అందులో కింద తాత్కాలిక ఫైళ్ల డైరెక్టరీ, దాని పక్కన బ్రౌజ్ బటన్, ఆ డిస్కులో ఎంత ఖాళీ ఉందో కూడా చూపిస్తుంది. మీ లాప్‌టాప్‌లో డి డ్రైవ్ ఉంటే అందులో ఇంగ్లిషు అక్షరాలతో ఒక కొత్త ఫోల్డర్ చేసి అది చూపించండి. డి డ్రైవ్ లేకపోతే పాత సెషన్‌డేటా చోటుకే పంపేయండి, దాన్ని మించిన చోటు లేదు. కంటికి కనపడదు, వన్‌డ్రైవ్ ముట్టుకోదు. ఆడాసిటీ మూసి మళ్లీ తెరిస్తేనే కొత్త చోటు పనిచేస్తుంది.

పెన్‌డ్రైవ్ మాత్రం పెట్టకండి. చాలా పెన్‌డ్రైవ్‌లు ఇంకా ఫ్యాట్32 పద్ధతిలోనే ఉంటాయి, అందులో ఒక ఫైలు 4 జీబీ దాటలేదు. ఆడాసిటీ కూడా అలాంటి డ్రైవ్‌ను ఒప్పుకోదు, ఇది కుదరదని చెప్పి పాత చోటుకే వెళ్లిపోతుంది. ఒప్పుకున్నా సరే, రికార్డు అవుతుండగా ఎవరో వచ్చి సినిమా కాపీ చేసుకుంటానని పెన్‌డ్రైవ్ పీకేస్తే? మన ఇళ్లలో జరిగేదే.

ఇప్పుడు 9 జీబీ లెక్క. మీరు చదివేది ఒక్క గొంతు, అంత ఎందుకయింది అని అనుమానం రావాలి. ఆడాసిటీ మామూలుగా సెకనుకు 44,100 నమూనాలు తీసుకుంటుంది, ఒక్కో నమూనాకి 4 బైట్లు. గంటకు 635 ఎంబీ, అది మోనోకి. స్టీరియోలో పెడితే రెట్టింపు, గంటకు 1.27 జీబీ. మీ మైకు ఒక్కటే, మీ నోరు ఒక్కటే, స్టీరియోలో పడినా రెండు వైపులా ఒకటే గొంతు. ఆడియో సెటప్ బటన్ నొక్కి రికార్డింగ్ ఛానెల్స్ దగ్గర 1 మోనో అని ఉందో లేదో చూసుకోండి. ఈ ఒక్క మార్పుతో సగం బరువు తగ్గిపోతుంది. వినేవాళ్లకి తేడా తెలియదు.

రెండో కారణం ఇంకా పెద్దది. గంట పాఠం మీద ఒకసారి నాయిస్ రిడక్షన్ వేశారనుకోండి. కంట్రోల్ జెడ్ కొడితే వెనక్కి రావాలి కదా, అందుకని ఆడాసిటీ పాత గొంతును అలాగే ఉంచి, శుభ్రం చేసిన గొంతును కొత్తగా రాస్తుంది. ఇంకో 635 ఎంబీ. ఆ పైన గొంతు పెంచితే ఇంకోటి. గొంతు హెచ్చుతగ్గుల్ని సమం చేసే కంప్రెసర్ వేస్తే ఇంకోటి. మోనోలోనే రెండున్నర జీబీ అయిపోయింది. సరిగ్గా సేవ్ చేసి మూసేస్తే ఈ పాత పొరలన్నీ వదిలించుకుంటుంది. కరెంటు పోతే పొరలన్నీ అలాగే మిగిలిపోతాయి. మీ పదకొండింటిలో ఒకటి రెండు లావుగా ఉన్నాయంటే కారణం ఇదే అయ్యుండాలి, లోపల ఉన్నది ఒక్క పాఠమే. మధ్యలో బరువు దించుకోవాలంటే వ్యూ మెనూలో హిస్టరీ తెరిచి పాత మెట్లను డిస్కార్డ్ చేయవచ్చు, కానీ ఆ తర్వాత కంట్రోల్ జెడ్ అంతదూరం వెనక్కి రాదు. నేనైతే పాఠం మొత్తం చదివేదాకా ఏ ఎఫెక్టూ వేయను.

ఇక రోజూ చేసుకోవాల్సిన అలవాటు ఒక్కటే. ఆడాసిటీ తెరవగానే, గొంతు సవరించుకోకముందే, ఖాళీ ప్రాజెక్టునే సేవ్ చేసేయండి. పేరు పెట్టండి, పాఠం పేరు, తేదీ. అంతే, తాత్కాలిక ఫోల్డర్‌లోని ఫైలు అక్కడి నుంచి లేచి మీరు చెప్పిన పేరుతో మీరు చెప్పిన చోటుకి వచ్చేస్తుంది. అప్పటి నుంచి మీరు చదివేదంతా నేరుగా ఆ పేరున్న ప్రాజెక్టులోకే పడుతుంది. మీరు అడిగినదానికి దగ్గరగా వచ్చే పని నిజానికి ఇదే: ఫైలు పుట్టకుండా ఆపలేం కానీ, పుట్టిన నిమిషంలోనే బారసాల చేసేయొచ్చు. కరెంటు పోయినా ‘న్యూ ప్రాజెక్ట్’ అని పదకొండు అనామకులు పోగుపడరు, ఏ పాఠం ఎక్కడ ఆగిందో పేరు చూస్తేనే తెలుస్తుంది. ఈ సేవ్ చేసే చోటు కూడా డి డ్రైవ్‌లోనో, అది లేకపోతే వన్‌డ్రైవ్ ముట్టుకోని ఇంకో ఫోల్డర్‌లోనో ఉండాలి, డాక్యుమెంట్స్‌లో వద్దు. పాఠం పూర్తయ్యాక ఎంపీ3గా ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఎంపీ3ని మాత్రం మీ పాత ‘పాఠాలు’ ఫోల్డర్‌లో పెట్టుకోండి. అది పూర్తయిన ఫైలు, చిన్నది, వన్‌డ్రైవ్‌లో హాయిగా ఉంటుంది, ఫోన్‌కీ అక్కడి నుంచే వెళ్తుంది.

ఒక మాట మీరు అడగకపోయినా చెప్తాను. ఈ మొత్తం కథకి మూలం సాఫ్ట్‌వేర్ కాదు, చచ్చిపోయిన బ్యాటరీ. దాన్ని మార్పించండి. గంటసేపు చదివే మనిషికి పది నిమిషాలు ఆగే బ్యాటరీ ఉన్నా చాలు, కరెంటు పోగానే ఆపి, సేవ్ చేసి మూసుకోవచ్చు.

ఆడాసిటీ కాకుండా వేరేవి వాడేవాళ్లకీ ఇలాంటి ఫిర్యాదే ఉంటుంది కాబట్టి రెండు ముక్కలు. అడోబీ ఆడిషన్ మీరు తెరిచిన ప్రతి ఆడియో పక్కన ‘పీకేఎఫ్’ అనే చిన్న ఫైలు పెడుతుంది. రీపర్ ‘రీపీక్స్’ అని పెడుతుంది. ఇవి ధ్వని కాదు, తెరమీద కనిపించే అలల బొమ్మను త్వరగా గీయడానికి దాచుకున్న లెక్కలు. తీసేసినా ఏమీ పోదు, ఈసారి తెరిచినప్పుడు మళ్లీ గీసుకుంటుంది, కాస్త ఆలస్యమవుతుంది అంతే. ఆడిషన్ ప్రిఫరెన్సెస్‌లో మీడియా అండ్ డిస్క్ క్యాష్ దగ్గర పీక్ ఫైళ్లు దాచవద్దని టిక్కు తీసేయొచ్చు. రీపర్‌లో వాటన్నిటినీ ఒకే ఫోల్డర్‌కి పంపే ఏర్పాటుంది. ఇవి నిజంగా ఊడ్చేయదగ్గ చెత్త. ఆడాసిటీ ఫైలు అలాంటిది కాదు. లినక్స్ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: అక్కడ ఆడాసిటీ తాత్కాలిక ఫైళ్లు వార్ లోపల టెంప్ ఫోల్డర్‌లో పడతాయి, చాలా లినక్స్‌లలో అక్కడ 30 రోజులు దాటినవాటిని సిస్టమే ఊడ్చేస్తుంది. తర్వాత చూద్దాంలే అని నెల దాటనిస్తే, చూడడానికి ఏమీ ఉండదు.

మీరు మాత్రం ఇవాళే సింక్ ఆపి, ఆ పెట్టె రాగానే స్కిప్ కాకుండా రికవర్ నొక్కండి. కాకతీయుల పాఠం దొరికితే చివరి వాక్యం ఎక్కడ తెగిందో చూసుకుని, అక్కడి నుంచి చదివితే సరిపోతుంది. గంట మళ్లీ మొదటి నుంచి చదవక్కర్లేదు.